పరుపు చల్లారిన సోమవారం

మా ఇంట్లో పన్నెండుమంది మగాళ్లు, ఆరు పడకలు.
లెక్క సరిగ్గానే ఉంది.
పగటి వంతు వాడు లేచిన గుంటలోకే
రాత్రి వంతు వాడు వచ్చి ఒరుగుతాడు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ
వంతులేసుకుంటే ఇముడుతాయి.
దుప్పటి మడతపెట్టే పని
నాకు ఏడేళ్లుగా పడలేదు.

మొనాంగహేలా ఒడ్డున, ఉక్కు మిల్లు గోడకానుకుని
మసి తప్ప మరో పంట పండని సందు మాది.
నెలకు మూడు డాలర్లు:
పడక, ఉతుకు, క్యాబేజీ సూపు.
మాంసం మాత్రం ఎవడిది వాడు తెచ్చుకోవాలి.
ఎవడి ముక్కకు వాడి రంగు దారం కట్టి
అన్నీ ఒకే కుండలో ఉడికిస్తాను.
ఒండ్రేయ్‌ది ఎరుపు.

నాకు చదువు రాదు.
ఖాతా పుస్తకంలో ఒండ్రేయ్‌కి తాళంచెవి బొమ్మ,
ఫెదోర్‌కి చేప.
మిల్లు గుమాస్తాకి చదువొచ్చు, మా పేర్లే రావు.
ఇత్తడి బిళ్ల మీద ఒండ్రేయ్‌ని
నాలుగువందల పదిహేడు అని కొట్టించాడు.

మూడో పడక వాళ్లిద్దరిది.
రెండేళ్లు ఒకే దిండు మీద తల పెట్టారు,
ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోలేదు.
గేటు దగ్గర లోపలికెళ్లే గుంపులో ఒకడు,
బయటికొచ్చే గుంపులో ఒకడు,
అందరూ ఒకే మసి.
అయినా దిండు కింద ఒకడు పొగాకు ముక్క వదిలితే
మరొకడు మర్నాడు సగం కొరికి
సగం అక్కడే ఉంచేవాడు.
"పరాస్కా, వాడి కళ్లు ఏ రంగు?"
అనడిగాడు ఫెదోర్ ఒకసారి.
"నాకేం తెలుసు, ఇంటికొస్తే మూసుకునే ఉంటాయి" అన్నాను.
ఇద్దరం నవ్వాం.

రెండు వారాలకోసారి వంతులు మారతాయి.
ఆ ఆదివారం ఒకడికి విశ్రాంతి,
ఒకడికి ఇరవైనాలుగు గంటలు
ఏకబిగిన కొలిమి ముందు.
ఈసారి కొలిమి ఒండ్రేయ్‌ది.
ఫెదోర్ ఆ రాత్రి పడకంతా తనదే అయినట్టు
అడ్డంగా, దొరలా పడుకున్నాడు.
గురక నా వంటింటిదాకా వచ్చింది.

సోమవారం తెల్లవారకముందే లేచి వెళ్లాడు.
ఆరున్నరకి ఒండ్రేయ్ రావాలి.
సూపు వేడి చేశాను. చల్లారింది. మళ్లీ వేడి చేశాను.
ఎందుకో వెళ్లి పరుపు మీద చెయ్యి పెట్టాను.
చల్లగా ఉంది.
ఇంటి గోడ పగిలినా అంత ఉలిక్కిపడేదాన్ని కాదు.

నీళ్లు మోసే ఐరిష్ కుర్రాడొచ్చి చెప్పాడు
నాకు సగమే అర్థమయ్యే భాషలో:
ఇరవై ఒకటో గంట,
నిలబడే నిద్రపోయాడట,
కరిగిన ఉక్కు తొట్టి ఒరిగిందట.
తెచ్చి చూపించడానికి ఏమీ లేదట.
ఇరవై గంటల కూలీ లెక్కగట్టి పంపారు,
పోయిన ఇత్తడి బిళ్లకు యాభై సెంట్లు తగ్గించి.

పాదిరి వచ్చి పెట్టెలో ఏం పెడదామన్నాడు.
చొక్కా ఒకటుంది, బూట్లు లేవు.
ఎవడో ఇటుకలు పెట్టమన్నాడు, మోసేవాళ్లకు
బరువు తెలియాలి కదా అని.
ఎన్ని ఇటుకలు?
అప్పటిదాకా నోరు విప్పని ఫెదోర్ లేచి
తనే ఒక్కొక్కటీ పేర్చాడు.
చాలన్న చోట ఆగాడు.
"వాడి బరువు నాకు తెలుసు,
రోజూ ఆ గుంటలోనే కదా పడుకుంది" అన్నాడు.

ఆ రాత్రి కుండలో ఎర్ర దారం ముక్క మిగిలింది.
పారేయడానికి చెయ్యి రాలేదు.
ఫెదోర్ గిన్నెలో వేశాను, దారం విప్పకుండానే.
అతను తిన్నాడు.
దారం ఏమైందో నేను అడగలేదు.

ఇప్పుడతను పరుపు అంచున పడుకుంటున్నాడు,
నడుమ గుంట వదిలేసి.

బుధవారం గుమ్మంలో ఒక కుర్రాడు,
ఓడ వాసన పోని మూటతో,
మెడలో కొత్తగా మెరిసే బిళ్ల.
అంకెలు చదవలేను గానీ
ఆ గీతల వరస నాకు తెలుసు.
"పడక ఉందా అమ్మా?"
సగం ఉంది అన్నాను.
ఏ సగమో
ఫెదోర్‌ని అడగాలి.